సగం పెట్టె

"ఇరవై నిమిషాలు," అంటూ ఇన్‌స్పెక్టరు తన చేతి గడియారాన్ని నా మొహం ముందు పెట్టాడు. "ఇప్పుడు పదకొండు. పదకొండూ ఇరవైకల్లా నువ్వు గేటు బయట ఉండాలి. నాలుగింటికి నేను మేస్త్రిని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. నీతో కబుర్లాడే తీరిక నాకు లేదు."

"కారు చూస్తానని ఎనిమిదింటికే వచ్చాను. మూడు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టారు."

"బెంచీ విరగలేదుగా?"

విరిగింది బెంచీ కాదు, నా నడుము. ఆ మాట చెప్పి ఆయన్ని సంతోషపెట్టడం ఇష్టం లేక స్టేషను వెనక రేకుల షెడ్డులోకి నడిచాను. మేమిద్దరం ఇదివరకు మూడు కేసుల్లో ఎదురుపడ్డాం. మూడింట్లోనూ ఆయన తొందరపడ్డాడు, నేను ఆలస్యమయ్యాను. పేపర్లో ఫొటో మాత్రం ప్రతిసారీ ఆయనదే పడింది.

షెడ్డులో ఉన్నది అరవై ఏళ్లనాటి కారు. దాని యజమాని ఒక కళ్ల డాక్టరు. ఆదివారం ఉదయం ఆరుంబావుకి, పాత కార్లవాళ్లంతా కలుసుకునే చోటికి ఆ కార్లో బయలుదేరాడు. తొంభై కిలోమీటర్ల దారి. ఏడుంబావుకి అటుగా వెళ్లిన పాలవ్యాను డ్రైవరు, రోడ్డు పక్కన ఆగిన కారునీ, దాని పక్కన నిలబడ్డ డాక్టరునీ చూశాడు. వ్యాను నెమ్మది చేస్తే 'అక్కర్లేదు, నువ్వెళ్లు' అన్నట్టు డాక్టరు చెయ్యి ఊపాడట. అదే డ్రైవరు ఎనిమిదీ ఐదుకి తిరిగి వచ్చేసరికి జాకీ దిగిపోయి ఉంది. కారు డాక్టరు గుండెల మీద ఉంది.

ఆ జాకీ అంతకుముందు రోజే మేస్త్రి షెడ్డులో బాగుపడి వచ్చింది. పాత కార్లకి ఇక్కడ ఆయన్ని మించిన మెకానిక్కు లేడు. ఆ సాయంత్రమే 'ఇక నా బండి నీ దగ్గరికి పంపను' అని డాక్టరు ఆయన మీద కేకలెయ్యడం ఎదుటి కొట్లోవాళ్లు విన్నారు. ఇన్‌స్పెక్టరుకి అంతకన్నా ఏం కావాలి? పని సరిగ్గా చెయ్యక మనిషి ప్రాణం తీశాడని మేస్త్రిని సోమవారం లోపల వేశాడు. ఇవాళ మంగళవారం. నిర్లక్ష్యం కేసు, మహా అయితే రెండేళ్లు. కానీ మేస్త్రికి అరవై నాలుగేళ్లు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఆ రెండేళ్లు ఆయన బతికి బయటికి రాడని వాళ్లమ్మాయి నిన్న నా దగ్గరికి వచ్చింది.

"మా నాన్న ఒక్క బోల్టు వదులుగా వదిలేసిన రోజు లేదు సార్. ఎలాగైనా బయటికి తీసుకురండి," అంది. తండ్రి షెడ్డులోనే పని చేసే పిల్ల. చేతులు కట్టుకుని నిలబడింది కానీ ఏడవలేదు. నేను మాటిచ్చాను. మాటివ్వడం నాకున్న జబ్బుల్లో ఒకటి.

డిక్కీ తెరిచాను. ఎడమవైపు ఒక చెక్కపెట్టె, కుడివైపు కాన్వాసు గుడ్డలో చుట్టిన పనిముట్లు. పాత కారుతో దూరం వెళ్లేవాడు దారిలో తనకు తానే మెకానిక్కు. అడవిలో ఆగితే ఆ కారు భాగాలు ఏ కొట్లోనూ దొరకవు కదా. చుట్ట మీద తాడు బిగించి ముడేసి ఉంది. విప్పాను. స్పానర్లు, స్క్రూడ్రైవర్లు, సుత్తి, జాకీ రాడ్డు. ఒక్కోదానికి ఒక్కో జేబు. ఖాళీ జేబు ఒక్కటి కూడా లేదు.

"ఈ చుట్ట ఎవరు కట్టారు?" అని కాపలా కానిస్టేబుల్ని అడిగాను.

"మేం కట్టలేదండీ. అక్కడ డిక్కీలో ఇలాగే ఉంది. ఫొటో కూడా తీశాం."

టార్చి తీసుకుని నేల మీద పడుకుని కారు కిందికి చూశాను. సైలెన్సరు గొట్టం వదులైపోతే, డాక్టరు దానికి ఒక క్లాంపు వేసి బిగించాడు. బిగింపు పూర్తయింది. క్లాంపు మీద గోరంత నీలిరంగు చుక్క పెట్టి ఉంది. దాని బోల్టుకి సరిపోయే స్పానరు పనిముట్ల చుట్టలో ఉంది. శుభ్రంగా తుడిచి మరీ.

 కారు కింద పడుకుని క్లాంపు బిగించిన మనిషి, ఆ స్పానరు తుడిచి, జేబులో పెట్టి, చుట్టకి ముడేసి, డిక్కీ మూసి, మళ్లీ కారు కిందికి వెళ్లి చావడు. ఆయన ఇంకా కిందే ఉండగా పైన ఎవరో స్పానరు అందుకున్నారు. జాకీ దింపడానికి అడుగున ఉన్న మరని తిప్పాలి. దాన్ని తిప్పేది ఆ జాకీ రాడ్డు చివరే. ఆ రాడ్డూ జేబులోనే ఉంది.

ఇన్‌స్పెక్టరు పదిహేనో నిమిషానికే వచ్చేశాడు. ఉత్సాహం ఆపుకోలేక ఇదంతా చెప్పాను.

"మా వాళ్లు సర్ది ఉంటారు," అన్నాడు.

"సర్దలేదంటున్నారు."

"సర్దకూడదని నేను చెప్పాను. అందుకే సర్దలేదంటారు."

ఇలాంటి మనిషితో ఎలా వాదించాలి? నేను కోపంగా పెట్టె మీదికి తిరిగాను. ముందు అరలో డాక్టరు చేతిరాతతో ఒక జాబితా ఉంది. ఒకటి నుంచి ముప్ఫై ఆరు దాకా, దారిలో తీసుకెళ్లాల్సిన విడిభాగాలు. పెట్టెలో ఒక్కోటీ గుడ్డముక్కలో చుట్టి ఉంది: కాయిలు, కండెన్సరు, ప్లగ్గులు, డైనమో బ్రష్షులు, ఫ్యూజులు, వైరు. అన్నిటి మీదా ఎర్రచుక్క. లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను.

"పద్దెనిమిదే ఉన్నాయే!" అని పైకే అనేశాను.

అనకుండా ఉండాల్సింది. ఇన్‌స్పెక్టరు నా చేతిలోంచి జాబితా లాక్కుని చూశాడు. మొహం వెలిగిపోయింది.

"ఫ్యాను బెల్టు లేదు. నీళ్ల పంపు లేదు. రేడియేటరు గొట్టాలు లేవు. సగం సామాను మాయం! అదీ సంగతి. మేస్త్రి కాజేశాడు, డాక్టరు పట్టుకున్నాడు, గొడవైంది. నిర్లక్ష్యానికి తోడు దొంగతనం కూడా రాస్తాను. థాంక్సయ్యా డిటెక్టివ్. ఊరికే కూర్చోబెట్టానని తిట్టుకున్నావు కానీ, నీ రాక మంచిదే."

కొరివితో తల గోక్కున్నవాడి సంగతి పుస్తకాల్లో చదవడమే కానీ, ఆ మంట ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది. మేస్త్రిని ఐదు నిమిషాలు చూడనివ్వమన్నాను. దొరికిన బహుమతి ఆనందంలో ఒప్పుకున్నాడు.

లాకప్పు గది కిటికీ షెడ్డు వైపే ఉంది. మేస్త్రి దాని కింద గోడకి చేరబడి కూర్చుని ఉన్నాడు. రెండు రోజులుగా పోలీసులకి చెప్పిన మూడు ముక్కలే నాకూ చెప్పాడు. జాకీలో నూనె కారి దిగిపోకుండా వాషరు వేసింది నేనే. శనివారమే వేశాను. నాకింకేం తెలీదు.

"ఏ సైజు వాషరు?"

ఆయన నా వైపు చూడలేదు. "గుర్తులేదు."

"నలభై ఏళ్లుగా ఇదే పని చేస్తున్న మేస్త్రికి మూడు రోజుల కిందట వేసిన వాషరు సైజు గుర్తులేదా?"

"ముసలాణ్ణి బాబూ. మర్చిపోతాను."

"డాక్టరుతో గొడవెందుకు?"

"ఆయనకి కోపం వచ్చింది, అరిచాడు. పెద్దమనుషులు అరుస్తారు. వినడం మన పని."

రాతి గోడతో మాట్లాడినా కనీసం ప్రతిధ్వని వస్తుంది. నేను విసుగెత్తి లేచాను. "సరే, మీ ఇష్టం. పెట్టెలో సగం సామాను మీరు కాజేశారని ఇన్‌స్పెక్టరు రాసుకుంటున్నాడు. సంతకం పెట్టండి."

మేస్త్రి ఒక్కసారి లేచి నిలబడ్డాడు. ఆయాసంతో ఊచలు పట్టుకున్నాడు. "కాజేశానా? ఎవడన్నాడు? ఆ పెట్టెలో ఉండేదే సగం! మొదట్నుంచీ సగమే! వాడికి కార్ల గురించి ఏం తెలుసని?"

"కూర్చోండి. నెమ్మదిగా చెప్పండి. మిగతా సగం ఏది?"

"ఆ కార్లు రెండు బాబూ. డాక్టరుగారి మామగారు ఒకే రకం కార్లు రెండు కొని, ఇద్దరు కూతుళ్లకీ చెరొకటి ఇచ్చాడు. ఒకటి డాక్టరుగారిది, రెండోది ఆయన తోడల్లుడు ప్లీడరుగారిది. సామానంతా వేస్తే అరవై కిలోలు. ముసలి కార్లు, స్ప్రింగులు కుంగిపోతాయి. అందుకని పంచుకున్నారు. ఒకటి నుంచి పద్దెనిమిది దాకా, కరెంటు సామానంతా డాక్టరుగారి పెట్టె. పంతొమ్మిది నుంచి నీళ్లవీ పొగవీ ప్లీడరుగారి పెట్టె. దారిలో కలిసిపోకుండా వాటికి ఎర్రచుక్క, వీటికి నీలిచుక్క. నేనే పెట్టాను."

"నీలిచుక్కా?"

"ఆఁ. జంటగా వెళ్తేనే పని. రెండో పెట్టె పక్కన లేకుండా డాక్టరుగారు పొలిమేర దాటరు. ఇరవై ఏళ్లలో ఒక్కసారీ దాటలేదు."

నేను ఊచల దగ్గరికి జరిగాను. "అయితే ఆదివారం ప్లీడరు కారు వెంట ఉందా?"

"ఎలా ఉంటుంది? నెలన్నరగా నా షెడ్డులోనే ఉంది. ఇంజను పగిలింది. దానికి వేరే ఇంజను ఈ భూప్రపంచంలో దొరకదు."

"మరి రెండో పెట్టె?"

 మేస్త్రి తనెంత మాట్లాడేశాడో అప్పుడే తెలిసినట్టు గోడ వైపు తిరిగిపోయాడు. బతిమాలాను, కసిరాను, కూతురి పేరు చెప్పి ఒట్టు పెట్టమన్నాను.  నేను కాపాడాల్సిన మనిషే నాకు అడ్డంగా పడుకుంటే ఎవరితో చెప్పుకోను?

గేటు బయటే తచ్చాడుతుంటే, ఒంటిగంటన్నరకి ప్లీడరుగారు స్వయంగా స్టేషనుకి వచ్చారు; ఆయన వెనకే నేనూ లోపలికి దూరాను. తోడల్లుడు పోయి మూడో రోజు, కారు విడుదలకి దరఖాస్తు చేతిలో. పొట్టిగా, నున్నగా ఉంటాడు. గొంతు మెత్తన. ఇన్‌స్పెక్టరు లేచి నిలబడి కుర్చీ చూపించాడు. నాకు పొద్దున బెంచీ చూపించింది ఈయనే మరి.

"కారుకి అంత తొందరేమిటండీ?" అన్నాను.

"మా మామగారి జ్ఞాపకం అది. రేకుల షెడ్డులో తుప్పు పట్టనివ్వలేను."

"మీ కారుకి ఇంజను పగిలిందట. డాక్టరుగారి కారుకి అదే ఇంజను."

"మీరు బీమా వాళ్లా?"

"ఒకప్పుడు. ఆదివారం పొద్దున మీరెక్కడున్నారు?"

ఇన్‌స్పెక్టరు బల్ల మీద చేత్తో కొట్టాడు. "ఏమయ్యా, నా స్టేషన్లో నువ్వు ప్రశ్నలేమిటి?"

"పర్వాలేదు, అడగనివ్వండి," అన్నాడు ప్లీడరు నవ్వి. "తొమ్మిదింటిదాకా ఇంట్లోనే ఉన్నాను. మా వదినగారు ఫోను చేస్తేనే ఘోరం తెలిసింది. మా అన్నయ్యగారు ఒక్కరే వెళ్లారు."

"రెండో పెట్టె లేకుండానా?"

ఆయన కళ్లు ఒక్క క్షణం ఆగాయి. ఒక్క క్షణమే. "పెట్టె నా కార్లో ఉంది. నా కారు మేస్త్రి షెడ్డులో ఉంది. కావాలంటే ఫోను చేసి అడగండి."

అడిగాను. అమ్మాయి ఫోనెత్తింది. ప్లీడరుగారి నీలిచుక్కల పెట్టె షెడ్డులో ఉందా అని అడిగితే చాలాసేపు మాట లేదు.

"ఉంది సార్."

ప్లీడరు కళ్లద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరు నన్ను చూసి తల అటూ ఇటూ ఊపాడు. ఉన్న ఒక్క దారీ మూసుకుపోయింది. నాకు ఫోను నేలకేసి కొట్టాలనిపించింది. కానీ ఆ ఆలస్యమెందుకు? ఉన్న పెట్టెని ఉందనడానికి అంతసేపు ఎందుకు పట్టింది?

"ఆ పెట్టె తీసుకుని స్టేషనుకి రామ్మా. ఇప్పుడే."

"ఇప్పుడా సార్? తప్పదా?"

"మీ నాన్న బయటికి రావాలా వద్దా?"

రెండూ ఇరవైకి అమ్మాయి తన చిన్న ట్రక్కులో వచ్చింది. పెట్టెని ఒక్కతే దింపబోతే కానిస్టేబులు సాయం పట్టాడు. ఇద్దరూ రొప్పారు. ప్లీడరుని చూడగానే ఆ పిల్ల మొహం పాలిపోయింది. ఆయన మాత్రం "బాగున్నావా అమ్మాయీ" అన్నాడు.

షెడ్డులో అందరి ముందూ పెట్టె తెరిచాను. పంతొమ్మిది నుంచి ఒక్కోటీ బయటికి తీశాను. బెల్టు, గొట్టాలు, నీళ్ల పంపు, అన్నిటి మీదా నీలిచుక్క. ఇరవై ఆరు ఉంది. ఇరవై ఎనిమిది ఉంది. ఇరవై ఏడు ఉండాల్సిన చోట ఖాళీ గుడ్డముక్క ఉంది.

"ఇరవై ఏడు ఏమిటో చదవండి ఇన్‌స్పెక్టరుగారూ."

ఆయన జాబితా చూశాడు. "సైలెన్సరు క్లాంపు."

"ఇప్పుడు వంగి కారు కింద చూడండి."

నా మీద ఎంత విసుగున్నా ఆయన వంగాడు. లేచేటప్పుడు మోకాళ్లకి అంటిన దుమ్ము దులుపుకోవడం మర్చిపోయాడు. నీలిచుక్క చూశాడన్నమాట.

"డాక్టరు ప్రాణంతో కారు కింద పడుకుని ఈ క్లాంపు బిగించాడు," అన్నాను. "అంటే అప్పుడు ఈ పెట్టె అక్కడే ఉంది. పాలవ్యాను తిరిగి వచ్చేసరికి లేదు. ముప్ఫై కిలోల పెట్టెకి కాళ్లు రావుగా? నీళ్ల పంపు మళ్లీ దొరకదు కాబట్టి శవాన్ని వదిలి పెట్టెని మోసుకుపోయారు. ఇలాంటి పని పాత కారున్నవాడు తప్ప ఇంకొకడు చెయ్యడు."

 ఇన్‌స్పెక్టరు "అయినా జాకీ దిగింది కదా. బాగుచేసిన జాకీ దిగింది. దానికేమంటావు?" అన్నాడు.

"జాకీ తెప్పించండి."

దాన్ని కారు ముందు ఇరుసు కింద పెట్టి, మర బిగించి, కారు లేపాను. చక్రం పక్కన ఒక కర్ర నిలబెట్టి, సుద్దముక్కతో ఎత్తు గుర్తు పెట్టాను. రెండూ ముప్ఫై ఐదు. ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకుంటూ పచార్లు చేశాడు. కోర్టుకి ఆలస్యమవుతోందని రెండుసార్లు, నాకు పిచ్చెక్కిందని ఒకసారి అన్నాడు. అమ్మాయి ఆ సుద్దగీత ముందు గొంతుక్కూర్చుని రెప్ప వెయ్యకుండా చూసింది. మూడైంది. మూడూ ఐదైంది. గీత గీతలాగే ఉంది.

"దిగలేదు," అంది అమ్మాయి.  "సార్, ఇది దిగలేదు. నా వాషరు బాగానే ఉంది!"

లాకప్పు కిటికీ లోంచి మేస్త్రి కేక వినిపించింది. "నేను వేశాను ఆ వాషరు! దాని మాట వినకండి! అమ్మా, నోరుముయ్యి!"

"నేనే వేశాను నాన్నా. ఇంక ఎందుకు దాచడం? జాకీ మంచిదే. నా వల్ల ఆయన చావలేదు." ఆ పిల్లకి ఇప్పుడు ఏడుపొచ్చింది. అరచేత్తో మొహం తుడుచుకుంటే బుగ్గకి గ్రీజు అంటింది. "ప్లీడరుగారు డాక్టరుగారితో పాటే వెళ్లారు సార్. పెట్టె శనివారమే మా దగ్గర్నుంచి తీసుకెళ్లారు. ఆదివారం పొద్దున నాకు ఫోను చేసి, ట్రక్కు తీసుకుని క్వారీ మలుపు దగ్గరికి రమ్మన్నారు. నేను వెళ్లేసరికి మలుపులో పెట్టె పక్కన ఒక్కరే నిలబడి ఉన్నారు. డాక్టరుగారు ముందుకెళ్లిపోయారు, నాకు పనుంది అన్నారు. కారు ఆ మలుపు అవతలే ఉందని నాకు తెలీదు. తీసుకొచ్చి షెడ్డు దగ్గర దింపాను."

"తరవాత?"

"తొమ్మిదిన్నరకి మళ్లీ ఫోను చేశారు. 'నువ్వు బాగుచేసిన జాకీ దిగి అన్నయ్యగారు పోయారు. నేనక్కడికి వెళ్లానని చెబితే జాకీ ఎవరు బాగుచేశారో కూడా చెప్పాల్సొస్తుంది. నీ మంచికే చెబుతున్నా, మర్చిపో' అన్నారు. నాన్నకి చెప్పాను. నాన్న తనే చేశానని ఒప్పేసుకున్నాడు. అందుకే సార్ మీ దగ్గరికి వచ్చి కూడా... చెప్పలేకపోయాను."

"మొదటి ఫోను ఎన్నింటికి వచ్చింది?"

ఆమె ఫోను తీసి చూపించింది. ఏడూ రెండు.

నా రెండు రోజుల విసుగూ ఒక్క దెబ్బకి వదిలిపోయింది. "విన్నారా? ఏడుంబావుకి డాక్టరు బతికే ఉన్నాడు, పాలవ్యానుకి చెయ్యి ఊపాడు. ఇంకా డెబ్భై కిలోమీటర్లు వెళ్లాల్సిన మనిషి, ఈ పెట్టె పక్కన లేకుండా పొలిమేర దాటని మనిషి! ఏడూ రెండుకే దాన్ని ఇంటికి పంపించెయ్యడానికి ఈయన ట్రక్కు పిలిచాడు. డాక్టరుకి ఇక ఈ పెట్టెతో పని ఉండదని ఈయనకి అప్పటికే తెలుసు!"

ఇన్‌స్పెక్టరు మెల్లగా ప్లీడరు వైపు తిరిగాడు. మూడు కేసుల తరవాత మొదటిసారి ఆయన నా మాట విన్నాడు.

ప్లీడరు కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"నిజమే," అన్నాడు. "ఫోను చేశాను. అమ్మాయి వచ్చింది. తొమ్మిదింటిదాకా ఇంట్లో ఉన్నానని నేను చెప్పింది అబద్ధం. నాకు ఉదయమే పని తగిలింది, అన్నయ్యగారు వెళ్లమన్నారు. పెట్టె లేకుండా ఆయన కదలరన్నది ఎవరి మాట? లాకప్పులో ఉన్నాయన మాట. ఎన్నింటికి వచ్చావమ్మాయీ?"

"ఏడూ నలభైకి."

"అవును. పాలవ్యాను మళ్లీ వచ్చింది ఎనిమిదీ ఐదుకి. మధ్యలో ఇరవై ఐదు నిమిషాలు. నన్ను ట్రక్కులో కూర్చోబెట్టి, డాక్టరుగారితో ఒక్కమాట మాట్లాడి వస్తానని నువ్వు మలుపు అవతలికి వెళ్లలేదూ? మా నాన్న పొట్ట కొట్టొద్దని అడిగొస్తానని?"

"నేనా? నేను ట్రక్కు దిగనే లేదు!"

"పది నిమిషాలకి తిరిగొచ్చావు. చేతులు గుడ్డతో తుడుచుకుంటూ వచ్చావు." ఆయన ఇన్‌స్పెక్టరుతోనే మాట్లాడుతున్నాడు, మెత్తగా, కోర్టులో చదువుతున్నట్టు. "నేను అనుమానపడ్డాను. కానీ పెళ్లి కావాల్సిన పిల్ల. నిర్లక్ష్యం కేసు రెండేళ్లతో పోతుంది కదా అని నోరు నొక్కుకున్నాను. జాకీ మంచిదని ఈ డిటెక్టివుగారు ఇప్పుడు రుజువు చేశారు కాబట్టి చెప్పక తప్పడం లేదు. జాకీ దానంతటది దిగలేదు, ఎవరో దింపారు. దింపాక రాడ్డూ స్పానరూ తుడిచి, జేబుల్లో పెట్టి, ముడేశారు. ఇది కూడా ఈయనే కనిపెట్టారట. అయ్యా, నేను నా కారుకి గాలి కూడా మేస్త్రి చేతే కొట్టించుకుంటాను. పనయ్యాక పనిముట్లు తుడిచి సర్దే అలవాటు ఇక్కడ ఎవరికుంది?"

అందరి చూపులూ అమ్మాయి చేతుల మీద పడ్డాయి. ఇంతసేపూ ఆమె, తనకే తెలియకుండా, నేను నేల మీద వదిలేసిన స్పానర్లని ఒక్కోటీ తీసి కాన్వాసు జేబుల్లో పెడుతోంది.

"అబద్ధం!" అని అరిచాను. "ఆ అలవాటు ఈయనకీ ఉంటుంది. ఇరవై ఏళ్లు పాత కారు నడిపినవాడు..."

"సాక్షి ఉన్నారా?" అన్నాడు ప్లీడరు.

ఇన్‌స్పెక్టరు అమ్మాయి ముందుకి వచ్చి నిలబడ్డాడు. ఆయన గొంతులో వేళాకోళం లేదు. నాకు దానికే ఎక్కువ భయమేసింది. "ఏడూ నలభై తరవాత నిన్ను ఎవరైనా చూశారా? దారిలో, షెడ్డు దగ్గర?"

"ఎదుటి కొట్టు ఆదివారం తియ్యరు సార్. ఎవరూ లేరు."

"మూడు రోజులు ఎందుకు దాచావు?"

దానికి ఇందాకే జవాబు చెప్పింది. రెండోసారి అడిగితే ఏం చెబుతుంది? నా వైపు చూసింది. నేను అడ్డం వెళ్లి, కేసులో ఇరుక్కోవాల్సింది ప్లీడరని, ఫోను చేసింది ఆయనని, అబద్ధం ఒప్పుకుంది ఆయనని గొంతు చించుకున్నాను. "ఆయన్నీ వదలను. ఇద్దరూ ఇక్కడే ఉంటారు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "కానీ ప్లీడరుకి ఎలా బయటపడాలో తెలుసు. ఈ పిల్లకి తెలీదు." మహిళా కానిస్టేబుల్ని పిలవమన్నాడు.

కిటికీ ఊచల మధ్య నుంచి మేస్త్రి చెయ్యి బయటికి వచ్చింది. ఆయాసానికి మాట తెగి తెగి వస్తోంది.

"రెండేళ్లతో పోయేది కదయ్యా! నేను పోయేవాణ్ణి, నా చావు నేను చచ్చేవాణ్ణి! ఆ పెట్టె తెమ్మని నిన్నెవరు అడిగారు?"

ఆయన్ని ఎలాగైనా బయటికి తీసుకురమ్మని అడిగింది ఆయన కూతురే. 

మహిళా కానిస్టేబులు వచ్చి అమ్మాయి చేతిలోంచి ఫోను తీసుకుని కవర్లో వేసింది. మూడున్నర అయింది. ఇన్‌స్పెక్టరు లోపలికి వెళ్లి తన బల్ల దగ్గర కూర్చుని మేజిస్ట్రేటుకి సిద్ధం చేసిన కాగితం ముందుకి లాక్కున్నాడు. కలం మూత తీసి, 'నిర్లక్ష్యం' అన్న మాట కొట్టేసి, దాని పైన 'హత్య' అని రాశాడు.